గెడ్డ, గడ్డి, గవర్నరుగారి పిల్లి

పోయిన నెల మా కోడలు నన్ను విశాఖపట్నంలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడి అమ్మాయి నన్నొక అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పల్లాంటివి తగిలించి, చేతికో బటన్ ఇచ్చి, "శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కండమ్మా" అంది. నొక్కుతూ పోయాను. కాసేపటికి ఆ అమ్మాయి తలుపు తీసుకుని లోపలికొచ్చింది. "అమ్మా, రెండు నిమిషాల నుంచి నేను ఏ శబ్దమూ పెట్టలేదు. దేనికి నొక్కుతున్నారు?" అని నవ్వాపుకుంటూ అడిగింది.

ఏం చెప్పను? వినపడటం లేదని ఒప్పుకోవడం నామోషీగా అనిపించి, అంచనా మీద నొక్కుకుంటూ పోయాను. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే ఒక మనిషి కళ్ళముందుకొచ్చి నిలబడ్డాడు. కళ్ళజోడు తీసి, ఖద్దరు రుమాలుతో తుడుచుకుంటూ, "మంచిది, మంచిది. చూద్దాం" అంటున్నాడు. అలా చూసి ఎన్నేళ్ళయిందో.

మా నాన్న ఏజెన్సీలో గుమాస్తా. మాది సాలూరు దిగువన పల్లపు ఊరు. నాన్నకి కొండమీద ఉద్యోగం వేస్తే అమ్మ నెల రోజులు ఏడ్చిందట. నేను మాత్రం అక్కడే పెరిగాను కాబట్టి నాకు ఏడవాల్సిన పనేం కనబడలేదు. వారానికోసారి సంత. సంత నాడు ఊరంతా పచ్చి పసుపు, పిప్పళ్ళు, అడ్డాకులు, తడిసిన కంబళ్ళు కలిసిన వాసన. వలిసెలు పూసే రోజుల్లో కొండలన్నీ పసుపు రంగులో ఉండేవి. వానాకాలం వచ్చిందంటే బట్టలు ఆరేవి కావు. అమ్మ కుంపటి మీద గంప బోర్లించి, ఆ గంప మీద మా గౌన్లు ఆరేసేది. అదే కుంపట్లో మేము పనస పిక్కలు కాల్చుకునేవాళ్ళం. అందుకని బడికి వెళ్ళిన ప్రతి పిల్ల దగ్గరా పొగ వాసన, పనస పిక్కల వాసన వచ్చేవి. ఎవరూ ఎవరినీ వెక్కిరించే పని లేదు.

నాన్న ఆఫీసుకి పెద్ద ఆఫీసరుగారు. కింద గోదావరి వైపు నుంచి వచ్చినాయన. మంచి మనిషి అని అందరూ అనేవారు. ఆయనకి చెవుడు. ఆ మాట మాత్రం ఎవరూ అనేవారు కాదు.

నేను మధ్యాహ్నం నాన్నకి క్యారేజీ పట్టుకెళ్ళేదాన్ని. కిటికీలోంచి చూసేదాన్ని. ఎవరైనా వచ్చి ఏదైనా చెప్పుకుంటే, ఆయనకి వినపడనప్పుడు కళ్ళజోడు తీసేవారు. రుమాలుతో ఒక అద్దం తుడిచి, వెలుతురుకి పట్టి చూసి, రెండో అద్దం తుడిచేవారు. ఈలోగా ఎదుటి మనిషి చెప్పడం అయిపోయేది. "మంచిది, మంచిది. చూద్దాం" అనేవారు. ఆఫీసులో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. గట్టిగా మాట్లాడితే ఆయనకి చెవుడని చెప్పినట్టవుతుంది కదా! అందుకని అందరూ మామూలు కంటే ఇంకా మెల్లిగా, గౌరవంగా మాట్లాడేవారు. మా నాన్న అందరికంటే మెల్లిగా మాట్లాడేవాడు.

ఇక మా ఇంగ్లీషు మాస్టారు. బక్కపల్చని మనిషి, ఎప్పుడూ మెడకి మఫ్లరు. బొబ్బిలి వైపాయన. ఆయన గదిలో ఒక రేకు పెట్టె నిండా ఐరోపా దేశాల హాస్యపు పుస్తకాలు ఉండేవి. తేమకి పుస్తకాలు పాడైపోతాయని ఎండ వచ్చిన రోజు వాటిని మంచం మీద వరసగా పరిచేవారు. సగం వాటికి అట్టలు లేవు. "అట్ట లేకపోతేనేం, లోపలి మనుషులు బాగానే ఉన్నారు" అనేవారు.

మా బడి రేకుల షెడ్డు. వాన గట్టిగా కురిస్తే పాఠం వినపడేది కాదు. అప్పుడు మాస్టారు పుస్తకం మూసేసి ఆ కథల్లోని మనుషుల్ని నటించి చూపించేవారు. గొడుగు తడిసిపోతుందని దాన్ని చంకలో మడిచి పెట్టుకుని వానలో నడిచే పిసినారి. యుద్ధం అనగానే జలుబు చేసే సేనాపతి. తన దస్తూరీ తనకే అర్థం కాక ఖైదీని పిలిచి చదివించుకునే జడ్జీ. రేకుల మీద వాన హోరు, ఎదురుగా మాటల్లేకుండా మాస్టారు, మేము బెంచీల మీద పడి దొర్లడం.

వాన తగ్గాక ఆ కథల సంగతులు చెప్పేవారు. "ఆ దేశాల్లో ఒకప్పుడు రాజుని ఏమైనా అంటే జైల్లో పెట్టేసేవారర్రా. అందుకని రాసేవాళ్ళు ఏం చేసేవారో తెలుసా? కథని ఎక్కడో తూర్పు దేశాల్లో జరిగినట్టు రాసేవారు. తలపాగాలు, ఏనుగులు, సుల్తానులు పెట్టేవారు. చదివేవాడికి తెలుసు, ఆ తలపాగా కింద ఉన్న మొహం ఎవరిదో. రాజుకీ తెలుసు. కానీ కోప్పడితే 'ఆ మొహం నాదే' అని ఒప్పుకున్నట్టే కదా!"

మాకు ఆ రోజు అది వట్టి తమాషాగా అనిపించింది.

నాకొక నేస్తం ఉండేది. కొండ మీద ఊరి పిల్ల, హాస్టల్లో ఉండి చదువుకునేది. వాళ్ళింట్లో వాళ్ళ భాష, మాతో తెలుగు. ఎవరి గొంతైనా ఇట్టే పట్టేసేది. హాస్టల్ వార్డెన్ గొంతుతో "లైట్లార్పండి" అంటే నిజంగా ఆర్పేసేవారు. దాని ఊరికీ మా ఊరికీ మధ్య ఒక గెడ్డ, అంటే కొండవాగు, ఉంది. వేసవిలో మోకాలి లోతు నీళ్ళు. వానల్లో ఆ గెడ్డ దగ్గరికి పోవాలంటే పెద్దవాళ్ళకే భయం. అడ్డంగా ఉన్న కర్రల వంతెన ఒక ఏడు కొట్టుకుపోయింది. ఆ ఏడు పండక్కి ఇంటికెళ్ళిన నా నేస్తం మూడు వారాలు రాలేకపోయింది. వచ్చాక చూస్తే పరీక్షలు అయిపోయాయి.

గెడ్డలో నీళ్ళు తగ్గాక దాని అమ్మమ్మ ప్రతి సోమవారం కొండ దిగి ఆఫీసుకి వచ్చేది. పొట్టి మనిషి, ముక్కుకి మూడు పోగులు, చేతిలో కర్ర. వంతెన కావాలని చెప్పుకునేది. ఆఫీసరుగారు కళ్ళజోడు తుడుచుకునేవారు. "మంచిది, మంచిది. చూద్దాం" అనేవారు. ఆమె తిరిగి కొండెక్కిపోయేది. పోతూ పోతూ మా అమ్మకి అడ్డాకులో చుట్టిన, కూరకి పనికొచ్చే లేత వెదురు కొమ్ములు ఇచ్చి వెళ్ళేది. అమ్మ ఆమెకి అన్నం పెట్టేది.

"ఏటమ్మా, పనైందా?" అని అడిగేది అమ్మ.

"సూత్తానన్నాడు బాబు. మంచోడు. కళ్ళు బాగా తుడుసుకుని మరీ సూత్తానన్నాడు" అనేది ఆమె. ఆమె వేళాకోళంగా అందో, నిజంగానే అందో నాకిప్పటికీ తెలీదు.

ఆ ఏడు బడి వార్షికోత్సవానికి మాస్టారు నాటకం వేయిస్తానన్నారు. "ఐరోపాలో ఒక దేశపు పాత హాస్య కథ, నేను తెలుగు చేశాను" అని చెప్పి చేత్తో రాసిన కాగితాలు పంచారు. కథ ఇదీ. ఒక పట్నానికి గవర్నరు. ఆయనకి చెవుడు వస్తుంది. చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలదు. గవర్నరుకి లేని చెవులు మనకెందుకని, మర్యాద కోసం కొలువులో ఉన్నవాళ్ళందరూ చెవిటివాళ్ళ లాగా నటించడం మొదలుపెడతారు. కొన్నాళ్ళకి ఆ పట్నంలో చెవుడు ఒక హోదా అయిపోతుంది. బాగా వినపడేవాళ్ళు బీదవాళ్ళే. అప్పుడొక ముసలమ్మ పరిగెత్తుకొస్తుంది.

గవర్నరు వేషం నాది. ముసలమ్మ నా నేస్తం.

"బాబూ, మీ ఇల్లు కాలిపోతంది!" అంటుంది ముసలమ్మ.

"ఆఁ? పిల్లి కాలు వాచిపోయిందా? అయ్యో పాపం! పశువుల డాక్టరుకి రాయండి" అంటాను నేను.

"ఆఁ? పసుపు ట్రాక్టరుకా?" అంటాడు మంత్రి.

"ఆఁ? ముసుగు కలెక్టరా?" అంటాడు సేనాపతి.

ఆ కాలంలో ఆ దేశంలో ట్రాక్టర్లు ఉన్నాయా అని ఎవరూ అడగలేదు. ఆఖర్న పొగ కమ్ముకొస్తుంది. గవర్నరు ముక్కు ఎగబీల్చి, "ఎవరింట్లోనో వంకాయ కాలుస్తున్నారు" అంటాడు. తెర పడుతుంది.

మాకు నవ్వాగక నాలుగు రోజులు ఆ వంకాయ దగ్గరే ఆగిపోయాం. మాస్టారు కోప్పడ్డారు. "మీరు నవ్వితే చూసేవాళ్ళు నవ్వరు. ఈ వేషాలన్నిటికీ తాము చేస్తున్నది చాలా పెద్ద పని అనే నమ్మకం ఉండాలి" అన్నారు.

నాకు మాత్రం ఒకటే చిక్కు. వినపడనట్టు నటించడం ఎలా? చెవి దగ్గర చెయ్యి పెట్టుకోవడం అందరూ చేస్తున్నదే. నేను గవర్నరుని, నాకు వేరేగా ఏదో ఉండాలి. ఒక రోజు రిహార్సల్లో అనుకోకుండా నా కళ్ళజోడు తీసి పావడా అంచుతో తుడిచాను. ఒక అద్దం. వెలుతురుకి పట్టి చూశాను. రెండో అద్దం. "మంచిది, మంచిది. చూద్దాం" అన్నాను. పిల్లలందరూ ఒక్కసారి కెవ్వుమన్నారు. మాస్టారు మాత్రం నవ్వలేదు. నన్ను కాసేపు చూసి, "అది కాగితంలో లేదమ్మా" అని ఊరుకున్నారు. చెయ్యమనీ అనలేదు, మానమనీ అనలేదు.

ఇంట్లో కుంపటి ముందు కూర్చుని ఇదంతా అమ్మకి చేసి చూపిస్తుంటే నాన్న వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏటే అది? ఏటి సేత్తన్నావు?" నాన్నకి కంగారు పుడితే ఆఫీసు తెలుగు పోయి సొంతూరి తెలుగు వచ్చేది.

"నాటకం నాన్నా. గవర్నరు వేషం."

"ఎవరు రాసేరది?"

"ఐరోపా వాళ్ళు."

వార్షికోత్సవానికి ముఖ్య అతిథి ఆఫీసరుగారే. నాన్న చొక్కా అయినా మార్చుకోకుండా మాస్టారి గదికి పరిగెత్తాడు. నేనూ వెనకే వెళ్ళి తలుపు పక్కన నిలబడ్డాను.

"ఈ నాటకం బాగులేదండి మాస్టారూ. ఆపీండి" అన్నాడు నాన్న.

"ఏం బాగులేదు?"

"అదే... ఆ గవర్నరు."

"గవర్నరుకేం?"

"ఆయన... అలా... చెవిటోడుగా..." నాన్న చటుక్కున ఆగిపోయాడు.

"చెవిటివాడైతే ఎవరికండీ అభ్యంతరం? మన ఊళ్ళో ఎవరికైనా చెవుడుందా?" అని మాస్టారు చాలా అమాయకంగా అడిగారు.

నాన్న ఇరుక్కుపోయాడు. ఉందంటే తన నోటితో తను చెప్పినట్టు. లేదంటే నాటకం ఆపడానికి కారణం లేదు. హెడ్మాస్టరుగారిది కూడా అదే గతి. ఆయనా రెండుసార్లు మాస్టారిని పిలిపించి, దగ్గి, వాతావరణం గురించి మాట్లాడి పంపేశారట. ఆ విధంగా మా నాటకం ఎవరూ ఆపలేక నిలబడింది.

ఇంటికి వచ్చాక నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఆ వేషం వేసుకో గాని, కళ్ళజోడు మాత్రం తుడవకే. నాకు మాటియ్యి" అన్నాడు. ఆయన గొంతు ఎప్పటికంటే మెల్లిగా ఉంది. మాటిచ్చాను. నిజంగానే ఇచ్చాను.

వార్షికోత్సవం సాయంత్రం. మబ్బు పట్టి చలిగా ఉంది. సంత నుంచి వచ్చినవాళ్ళు, కొండ ఊళ్ళవాళ్ళు, కింది నుంచి వచ్చిన షావుకార్లు, ఆఫీసుల వాళ్ళు, అందరూ బడి ముందు కంబళ్ళు కప్పుకుని కూర్చున్నారు. ముందు వరసలో కుర్చీలో, మెడలో బంతిపూల దండతో ఆఫీసరుగారు. ఆ వెనకే నాన్న. నా నేస్తం వాళ్ళ అమ్మమ్మ కూడా వచ్చి నేల మీద ముందుకంటా కూర్చుంది.

పిల్లి కాలు దగ్గర మొదటి నవ్వు వచ్చింది. నేను అంతమంది ఒక్కసారి నవ్వడం అంతకుముందు ఎప్పుడూ వినలేదు. నా నేస్తం అచ్చు వాళ్ళ అమ్మమ్మ గొంతుతో, ఆమె కర్రతోనే, "బాబూ, ఇల్లు! ఇల్లు బాబూ!" అని గెంతుతోంది. కింద కూర్చున్న ముసలామె అందరికంటే గట్టిగా నవ్వుతోంది. ట్రాక్టరుకి ఇంకా నవ్వు. ఆ నవ్వు నాకు తలకెక్కింది. ఇంకాస్త కావాలనిపించింది. నాన్నకిచ్చిన మాట ఎక్కడికి పోయిందో, నా చెయ్యి దానంతటదే కళ్ళజోడు మీదికి వెళ్ళింది.

ఒక అద్దం తుడిచాను. వెలుతురుకి పట్టి చూశాను.

సరిగ్గా అప్పుడే, ఎదురుగా కుర్చీలో, ఆఫీసరుగారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

ఆయనకి ఏమీ వినపడలేదు కాబట్టి తుడుచుకుంటున్నారు. ఎప్పుడూ చేసేదే. నేను పైన, ఆయన కింద, మధ్యలో పెట్రోమాక్స్ లైటు. జనం నన్ను చూశారు, ఆయన్ని చూశారు. నవ్వు ఒక్కసారిగా పేలింది. వెనక వరసల వాళ్ళు లేచి నిలబడి మరీ నవ్వారు. ఆయన చెయ్యి ఆగిపోయింది. అటు చూశారు, ఇటు చూశారు. అందరూ నవ్వుతున్నారు కాబట్టి తను కూడా కొంచెం నవ్వబోయారు. ఎందుకో తెలియని నవ్వు అది. మొహం మీద సగం దాకా వచ్చి ఆగిపోయింది. మెల్లగా కళ్ళజోడు పెట్టుకున్నారు.

నేను తర్వాతి మాట మర్చిపోయాను. నేస్తం నా చెయ్యి గిల్లితే వంకాయ మాట చెప్పి బతికి బయటపడ్డాను.

ఆయన చివరిదాకా కూర్చున్నారు. బహుమతి తనే ఇచ్చారు, ఒక స్టీలు గ్లాసు. "బాగా చేశావమ్మా" అన్నారు. నేను ఆయన మొహంలోకి చూడలేదు. దారిలో నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఉదయమే బంట్రోతు వచ్చాడు. మాస్టారు నాటకం కాగితాలు పట్టుకుని, గవర్నరు వేషం, ముసలమ్మ వేషం వేసిన పిల్లల్ని తీసుకుని ఆఫీసరుగారింటికి రావాలి. గుమాస్తాగారు కూడా రావాలి. అమ్మ దేవుడి ముందు దీపం పెట్టి కూర్చుండిపోయింది. మాస్టారు మఫ్లరు రెండుసార్లు విప్పి కట్టుకున్నారు. నలుగురం వానలో రెండు గొడుగుల కింద నడిచాం.

ఆయన భార్య మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, వేడి ఉప్మా పెట్టింది. వంటింటి గోడకి ఒక పలక వేలాడదీసి ఉంది. దాని మీద సుద్దతో, "కందిపప్పు అయిపోయింది. మీ తమ్ముడు ఉత్తరం రాశాడు" అని రాసి ఉంది. నేను దాన్ని చూడటం ఆవిడ చూసింది.

"ఇంట్లో మేమిద్దరం ఇలాగే మాట్లాడుకుంటామమ్మా" అంది.

తింటున్న ఉప్మా పళ్ళెం కింద పెట్టేశాను. ఆఫీసులో కిటికీలోంచి చూసి నవ్వుకున్నానే గాని, ఈ మనిషికి ఒక ఇల్లుందనీ, ఇంట్లో పలక ఉందనీ నాకెప్పుడూ తట్టలేదు.

ఆఫీసరుగారు వచ్చారు. మాస్టారి వైపు చెయ్యి చాపారు. "కాగితాలు ఇవ్వండి. రాత్రి అందరూ అంతలా నవ్వారు. నాకొక్కడికే ఏమీ వినపడలేదు. చదివైనా చూస్తాను" అన్నారు.

అంతే. ఆ మాట ఆయన నోటి నుంచి అంత మామూలుగా వచ్చేసరికి మా నాన్న తల వంచుకున్నాడు.

ఆయన చదవడం మొదలుపెట్టారు. మేము ఆయన మొహం చూస్తూ కూర్చున్నాం. పిల్లి కాలు దగ్గర పెదవి కదిలింది. ట్రాక్టరు దగ్గర భుజాలు ఊగాయి. వంకాయ దగ్గరికి వచ్చేసరికి కాగితాలు ఒళ్ళో పడేసి, కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. నవ్వీ నవ్వీ, ఆయన ఒళ్ళోని కాగితాలు మళ్ళీ సర్దుకున్నారు.

"ఇది ఏ దేశపు కథ మాస్టారూ?" అన్నారు ఆఖరికి.

మాస్టారు లేచి నిలబడ్డారు. గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పారు. ఆయనతో ఎవరైనా గట్టిగా మాట్లాడటం నేను చూడటం అదే మొదలు. "ఏ దేశానిదీ కాదండీ. నేను రాసిందే. ఆ దేశాల వాళ్ళు తమ రాజుని ఏమైనా అనాలంటే కథని మన వైపుకి పంపేవారు. నేను మన కథని వాళ్ళ వైపుకి పంపాను. తప్పయితే నాది. పిల్లలకేమీ తెలీదు."

"కళ్ళజోడు తుడవడం మాస్టారు చెప్పలేదండీ. అది నేనే పెట్టాను" అన్నాను నేను. ఏడుపొచ్చేసింది. ఆయనకి వినపడలేదు. ఆవిడ పలక తెచ్చి నా చేతికిచ్చింది. రాసి చూపించాను. ఆయన చదివి నా నెత్తి మీద చెయ్యి వేసి ఊరుకున్నారు.

తర్వాత నాన్న వైపు తిరిగారు.

"నాకు వినపడదని మీకు తెలుసా?"

నాన్న అలవాటు ప్రకారం ఏదో మెల్లిగా అన్నాడు. మళ్ళీ గొంతు పెంచి, "తెలుసండి" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"మీరొచ్చిన మొదటి వారం నుంచీ తెలుసండి."

"మరి ఈ ముసలమ్మ ఎవరు? ఇది ఉత్త కల్పన కాదు కదా!"

నాన్న మొహం నల్లగా అయిపోయింది. ఆగి ఆగి, గట్టిగానే చెప్పాడు. "ఉందండి. సోమవారం సోమవారం వస్తాదండి. గెడ్డ మీద వంతెన కావాలంటాదండి. మొదటి రోజు మీరు గెడ్డని గడ్డి అనుకున్నారండి. పశువుల గడ్డికి దరఖాస్తు అని రాయమన్నారండి. నేను గెడ్డని తెలిసీ గడ్డి అనే రాసేనండి. ఆ కాగితం పశువుల డాక్టరుగారి ఆఫీసుకి పోయిందండి. అక్కడే ఉందండి."

"ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే మీకు వినపళ్ళేదని సెప్పినట్టౌతాదని..." అన్నాడు నాన్న.

నా నేస్తం చటుక్కున లేచింది. నా చేతిలో పలక లాక్కుని, చెరిపేసి, పెద్ద పెద్ద అక్షరాలతో "గెడ్డ" అని రాసింది. రాసి, దాని కింద మూడు వంకర గీతలు గీసింది, నీళ్ళు. వాటి మీద ఒక అడ్డగీత. ఆయన ముందు పెట్టింది.

ఆయన ఆ పలకని చేతిలోకి తీసుకున్నారు. "ఆమె ఎన్ని సోమవారాలు వచ్చింది?" అని అడిగారు.

మాస్టారికి ఏమవుతుందోనని ఊరంతా ఎదురుచూసింది. ఏమీ అవలేదు. తర్వాతి సోమవారం నుంచి ఆఫీసులో ఒక మార్పు వచ్చింది. ఆఫీసరుగారి కుర్చీ పక్కన నాన్న నిలబడి, వచ్చినవాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఆయన చెవి దగ్గర అరిచేవాడు. ఇన్నాళ్ళూ దాచుకున్న గొంతంతా ఒక్కసారి బయటికొచ్చినట్టు, మొదటి రోజు సంత దాకా వినిపించిందన్నారు. ఆఫీసరుగారు తర్వాత పట్నం వెళ్ళి చెవికి మిషను పెట్టించుకొచ్చారు. జేబులో చిన్న డబ్బా, దాన్నుంచి చెవికి తీగ. అది ఉన్నట్టుండి కీచుమనేది. నాన్న మరీ పొడుగు ఫైళ్ళు చదువుతుంటే ఆయన డబ్బా మీద మీట కట్టేసుకునేవారని నాన్నే చెప్పి నవ్వేవాడు.

వంతెన రావడానికి మరో వానాకాలం పట్టింది. ఇనప తాళ్ళు, చెక్కలు, నడిస్తే ఊగే వంతెన. అది పూర్తయిన నెలకి ఆయనకి బదిలీ అయింది.

ఇప్పుడా ఊరికి వెళ్తే గుర్తుపట్టలేను. సంత జరిగే చోట కాఫీ కొట్ల బోర్డులు, ఫోటోలు తీసుకునేవాళ్ళు. రేకుల బడి లేదు. మాస్టారు లేరు, ఆయన పుస్తకాలు ఏమయ్యాయో తెలీదు. పెద్దయ్యాక ఆ దేశాల హాస్యపు పుస్తకాలు నేనూ చాలా చదివాను. చదివినప్పుడల్లా ఒక సంగతి వెతుక్కుంటాను. అందరూ నవ్వే మనిషి ఇంటికి ఆ రచయిత ఒక్కసారైనా వెళ్ళి కూర్చున్నాడా, అక్కడ ఉప్మా తిన్నాడా అని. వెళ్ళినవాడి పుస్తకం నాకు ఇట్టే తెలిసిపోతుంది. నా నేస్తం హుకుంపేట దగ్గర చాలా ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. ఫోన్లో ఇప్పటికీ వార్డెన్ గొంతుతో మొదలుపెడుతుంది.

మేమిద్దరం మాట్లాడుకుంటే చివరికి ఎప్పుడూ ఆ బదిలీ రోజు దగ్గరికే వస్తాం. ఉదయం బస్సు. మంచు ఇంకా విడిపోలేదు. ఆఫీసరుగారు, ఆయన భార్య, రెండు ట్రంకు పెట్టెలు. ఊరు ఊరంతా వచ్చింది. బస్సు బయల్దేరబోతుండగా నా నేస్తం వాళ్ళ అమ్మమ్మ కర్ర ఊపుకుంటూ వచ్చి అడ్డంగా నిలబడింది. ఆయన బస్సు దిగారు. జేబులో డబ్బా సర్దుకుని, నడుం వంచి, చెవి ఆమె నోటి దగ్గర పెట్టారు.

ఆమె మొదలుపెట్టింది. అంతా వాళ్ళ భాష. తెలుగు ఒక్క ముక్క లేదు. చేతులు తిప్పుతూ, కొండ వైపు చూపిస్తూ, ఊపిరాడకుండా చెప్తోంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఆయన కదల్లేదు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అలాగే వంగి, తల ఊపుతూ, ఆమె ఆపేదాకా విన్నారు. అప్పుడు నిటారుగా నిలబడి నా నేస్తం వైపు చూశారు. "ఏమంటోందమ్మా?"

అది సిగ్గుపడుతూ, గట్టిగా చెప్పింది.

"వంతెన బాగుందట సార్. కానీ అది ఊగుతాదని మా మేక ఎక్కనంటందట. పోయే ముందు మీరోసారి వచ్చి దానికి నచ్చజెప్పాలట."

అంతా ఒక్కసారి నవ్వారు. ఆయనా నవ్వారు, ఒక్క క్షణం కూడా ఆలస్యం కాకుండా, అందరితో పాటే.